మస్తాన్‌బీ రెండో గృహప్రవేశం

ముప్పై ఎనిమిది కుటుంబాలకు ఒక్క పూటలో, ఒక్క వేలితో ఇల్లు లేకుండా చేసిన ఘనత తుఫానుది కాదు, వరదది కాదు. నాది. అదెలా జరిగిందో చెబుతాను, మీరు నిశ్చింతగా నవ్వుకోండి. అప్పట్లో నేను మాత్రం నవ్వలేదు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. గుంటూరులో స్టాటిస్టిక్స్ చదివి, అంకెల్లో లేనిది లోకంలోనే లేదని గట్టిగా నమ్ముతున్న రోజులు. ఖాళీ ఇళ్ల సర్వేకి కాంట్రాక్టు మీద మనుషుల్ని తీసుకుంటుంటే చేరాను. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు. ఆ కార్డు చున్నీ కిందకి జారిపోకుండా పిన్ను పెట్టుకునేదాన్నంటే నా వాలకం మీరే ఊహించుకోండి.

ప్రభుత్వం కట్టించిన ఇళ్లలో ఎవరుంటున్నారు, ఎవరు వదిలేసి వెళ్లారు, ఇదీ మేం తేల్చాల్సింది. ఇంట్లో మనుషులుంటే ఇరవై ఎనిమిది ప్రశ్నలు అడగాలి. లేకపోతే 'ఖాళీ' అని నొక్కి, ఇంటి ఫొటో తీసి, ఒక సాక్షి పేరు రాస్తే చాలు. తాళం కనిపిస్తే వేరే వేళలో మళ్లీ వెళ్లి చూడాలని కూడా శిక్షణలో చెప్పారట. అది చెప్పే సమయానికి సమోసాలు వచ్చాయి. నేను సమోసాల వైపున్నాను.

నాకు అప్పగించిన కాలనీ గుంటూరుకి గంట ప్రయాణం, మిరప చేల మధ్యన ఉంటుంది. నేను వెళ్లింది ఫిబ్రవరిలో, పొద్దున పది గంటలకి. అటువైపు వాళ్లు ఈపాటికే తల పట్టుకుని ఉంటారు. కోతల రోజుల్లో పదింటికి కాలనీలో మనిషిని వెతకడమంటే, సినిమా మధ్యలో హాలు బయట ప్రేక్షకుల్ని వెతకడమే. నేనూ అటువైపు పిల్లనే, కాకపోతే మా నాన్నది బ్యాంకు ఉద్యోగం. మిరపకాయ పచ్చడి సీసాలోనే పుడుతుందని అనుకునే ఇల్లు మాది.

వరసగా తాళాలు. మొదటి తాళం చూసి జాలిపడ్డాను. ఐదో తాళానికి అనుమానమొచ్చింది. పదో తాళానికి, ఇళ్లు తీసుకుని పాడుపెట్టిన ఈ జనాన్ని దేశం ముందు నిలబెట్టాలన్నంత ఆవేశమొచ్చింది. దండేల మీద చీరలు ఇంకా నీళ్లు కారుతున్నాయి. డాబాల మీద మిరపకాయలు ఆరుతున్నాయి, ఆ ఘాటుకి నేను ఆగకుండా తుమ్ముతున్నాను. పొద్దున్నే పెట్టిన ముగ్గు మీద నిలబడి మరీ 'ఖాళీ' నొక్కాను. ఒక పిల్లల కోడి నన్ను వీధి చివరిదాకా తరిమింది. ఆ ఇల్లు ఖాళీ కాదని దానికి తెలుసు, డిగ్రీ నాకుంది.

సాక్షి కోసం వెతికితే కాలనీ మొత్తానికి ఒక్క మనిషి దొరికాడు. వెంకయ్య తాత, ఎనభై దాటి ఉంటాయి, తన ఇంటి పంచలో నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. ఈ ఇళ్లలో ఎవరూ లేరా అని అడిగాను.

"ఎవరూ లేరమ్మా. అంతా కోతకి..."

నాకు కావలసింది మొదటి ముక్కే. ముప్పై ఏడిళ్లకీ ఆయన్నే సాక్షిగా రాశాను. ముప్పై ఎనిమిదోది ఆయన ఇల్లే. కోడలు తలుపుకి తాళం వేసి పనికెళ్లింది. తాళం తాళమే కదా, దాన్నీ ఖాళీ అనే నొక్కాను. ఫొటోలో మంచం మీద తాత నిక్షేపంగా కనిపిస్తున్నాడు. మా సూపర్‌వైజర్ అది చూసి, ఖాళీ ఇంటి ముందు ఈయనెవరని అడిగాడు. సాక్షి అన్నాను. ఆయన తృప్తిగా తలూపాడు. అందరికంటే ముందు పని ముగించినందుకు మీటింగులో నాకు చప్పట్లు కొట్టించారు.

మూడు వారాల తర్వాత ఆ కాలనీలో ప్రతి తలుపుకీ ఒక నోటీసు అంటించారు. ఈ ఇల్లు ఖాళీ అని సర్వేలో తేలింది, పదిహేను రోజుల్లో ఎవరూ వచ్చి చెప్పుకోకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తాం అని దాని సారాంశం.

మర్నాడు మస్తాన్‌బీ వచ్చింది. కోత కూలీలకి ఆమె మేస్త్రి. నలభై మంది ఆడవాళ్లని తెల్లారేసరికి ఆటోలెక్కించే మనిషి, ఆ రోజు పని మానిపించి అందరినీ మా ఆఫీసు వరండాలో కూర్చోబెట్టింది. ఆమె కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది.

"సర్వే చేసింది నువ్వేనా అమ్మాయ్?"

అవునన్నాను. చున్నీ సర్దుకుని కార్డు దాచాను.

"పదహారేళ్ల నించి ఆ ఇంట్లో ఉంటన్నా. ముగ్గురు పిల్లల్ని పెంచింది అక్కడే, మా ఆయన పోయింది అక్కడే. ఖాళీ అని రాశావంట. మేవేవన్నా దయ్యాలమా తల్లీ?"

స్టాటిస్టిక్స్‌లో దీనికి సూత్రం లేదు. నేను వచ్చినప్పుడు మీరు ఇంట్లో లేరండీ అని గొణిగాను.

"నువ్వూ ఇప్పుడు ఇంట్లో లేవుగా. మీ ఇల్లు ఎవరికిమ్మంటావ్?"

వరండా అంతా నవ్వింది, ఒక్క వెంకయ్య తాత కోడలు తప్ప. ఇళ్లు పోవడానికి సాక్ష్యం చెప్పింది తానేనని తెలిసిన దగ్గర్నుంచి మామగారు అన్నం ముట్టడం లేదని ఆమె మెల్లగా చెప్పింది. నాకు మళ్లీ తలెత్తాలనిపించలేదు.

తప్పు ఒప్పుకుంటాను, సరిచేయండి అని సూపర్‌వైజర్ని బతిమాలాను. ట్యాబులో ఒకసారి 'ఖాళీ' అని పడితే చెరపడం కుదరదట. ఉన్న దారి ఒకటే, 'కొత్తగా కాపురం వచ్చారు' అని నొక్కాలి. వచ్చిన తేదీ దగ్గర ఆ రోజు తేదీ తప్ప మరొకటి పడదు. ఆయన దీన్ని తన సొంత ఆవిష్కరణలా వివరించాడు. ఈ మాట మస్తాన్‌బీకి చెప్పినప్పుడు నేను రెండడుగులు వెనక్కి నిలబడ్డాను.

"కొత్తగా దిగామని గవర్నమెంటే అంటంటే కాదంటానికి మనవెవరం. పాలు పొంగియ్యాల్సిందే. నీ చేత్తోనే పొంగియ్యాల."

మూడు సాయంత్రాలు, కూలీలు చేల నుంచి వచ్చాక, ముప్పై ఎనిమిది పొయ్యిల మీద పాలు పొంగించాను. ఇంటికి ఇరవై ఎనిమిది ప్రశ్నలు, ఒక గిన్నె పరమాన్నం. వద్దంటే, గిన్నె ఖాళీ చేసిందాకా వదిలేది లేదని మస్తాన్‌బీ పక్కనే నిలబడేది, ఆ 'ఖాళీ'ని ప్రత్యేకంగా ఒత్తి పలికేది. మొదటిరోజే వెంకయ్య తాత మంచం పక్కన నేల మీద కూర్చుని, తప్పు నాది తాతా, నువ్వు చెప్పింది నేను పూర్తిగా వినలేదు అన్నాను. ఆయన నా వంక చూసి, గిన్నె అందుకున్నాడు.

"ఉన్నానని రాసుకో" అని తినడం మొదలుపెట్టాడు.

కథ ఇక్కడ ఆగితే నాకు కాస్త మర్యాద మిగిలేది. నెల తిరిగాక పెద్ద మీటింగు జరిగింది. ఒక పెద్ద అధికారి మైకు అందుకుని, మా సర్వే చలవ వల్ల ఏళ్ల తరబడి పాడుబడి ఉన్న కాలనీలో మూడే రోజుల్లో ముప్పై ఎనిమిది కుటుంబాలు కాపురం పెట్టాయని, ఇది మిగతావాళ్లకి ఆదర్శమని ప్రకటించారు. నేను నిజం చెబుదామని లేచాను. లేచినందుకు శాలువా కప్పారు.

కాబట్టి ఆ శాలువా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ ఇంటినీ ఖాళీ అనను. గోడలు కూలి ముళ్లకంప మొలిచినా సరే, పొద్దుగూకి పనుల్లోంచి జనం తిరిగొచ్చేదాకా అక్కడే కూర్చుంటాను. ఎవరూ రాకపోతే, అది నిజంగా ఖాళీ అయితే, నేనే కాపురం పెడతాను గానీ ఆ బొత్తాం మాత్రం నొక్కను.