అక్క బొటనవేలి గుంట

మా అక్క పోయిన మూడోనాడు ప్రాణహిత ఒడ్డున పిట్టకు పెట్టినం. విస్తరాకుల అన్నం, వంకాయ ఎండుచేపల కూర, పక్కన గ్లాసుల చాయ్. అన్నీ ఆమెకు ఇష్టమైనవే. కాకులు మాత్రం అవతల తుమ్మచెట్టు మీద కూసొని, తహసీల్ కచేరీల బాబులు అర్జీలను చూసినట్టు ఆ విస్తరిని చూస్తున్నయి. ఎండ నెత్తికెక్కింది. పిట్ట ముట్టలేదంటే పోయినోళ్లకు ఏదో రంది మిగిలి ఉన్నట్టు. ఆ రంది ఏందో కనిపెట్టి, అది తీరుస్తమని మాటియ్యాలె.

మా చిన్నాయన కొడుకు ముందుకొచ్చి, నన్ను చూపెట్టి చేతులు జోడించిండు. "అక్కా, పరేషాన్ గాకు. నీ తమ్మునికి మేం పెండ్లి చేస్తం."

ఉన్న కాకులల్ల రెండు లేచి నది దాటి పోయినయి.

"వీనికి పిల్లనిచ్చుడంటే కాకులు గూడ భయపడుతున్నయి" అన్నది మా పక్కింటి వదినె, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని. ఏడుపు నడుమనే నలుగురు నవ్విండ్రు.

అప్పుడు నేను లేచిన. "అక్కా, హోటల్ల తిన. ఒకరింట్ల తిన. నీ కత్తితోటే కూర కోసుకొని, మనింట్లనే వండుకొని తింట."

మాట నోట్లె ఉండంగనే ఒక కాకి దిగి చేపముక్క ఎత్తుకపోయింది.

తంటా అక్కడ మొదలైంది. అప్పటిదాక నేను ఊర్లె చాలా మాటలు చెప్పి ఉంటి. పడవ దొరకకపోతే మొసలి మీద గోదావరి దాటిన అని చెప్పిన. పెర్మిలి అడివిల పులి నన్ను ఆపి బీడీ అడిగింది అని చెప్పిన. వాటికి సాక్షి ఎవరూ లేరు, అదే వాటి సుఖం. ఈ మాటకు మాత్రం ఊరంత సాక్షి, పైన కాకి. నేను నిలబెట్టుకుంటనా, బామ్ని బస్టాండుల మిర్చీబజ్జీల కాడ దొరుకుతనా అని అందరు కాసుకొని కూసున్నరు. వాళ్ల సంగతి అట్లుంచి, అక్కకు నేనిచ్చిన మాటలల్ల నిలబెట్టుకోవాలె అనిపించింది అదొక్కటే.

మా బావ పోయినంక అక్క మా ఇంటికే వచ్చింది. నాకు పెండ్లి కాలే. పెండ్లిచూపులకు పోయిన ప్రతిచోట నా ముచ్చట్లకు పిల్ల నవ్వింది, పిల్ల తండ్రి నవ్విండు, సంబంధం మాత్రం కుదరలే. ఇగ ఆ ఇంట్లె ఇద్దరమే. అక్కది ఎడమచేతివాటం. అత్తగారింట్ల ఆ చెయ్యి చూసి ఆమెను కత్తిపీట మీద కూసోనియ్యలేదట. అందుకే వచ్చిన ఏడే అహేరి అంగడిల ఒక చిన్న కత్తి కొనుక్కున్నది. లారీ కమాన్‌పట్ట ఇనుమును సాగగొట్టి చేసిన జానెడు కత్తి, లక్కతో బిగించిన టేకు పిడి. నలుగురిల కుడిచేత్తో వడ్డించేది, పొయ్యికాడ మాత్రం ఆమె ఇష్టం. ఏండ్లకేండ్లు ఆమె బొటనవేలు ఒక్కచోటనే ఆని ఆని పిడికి కుడిపక్కన గుంట పడ్డది.

నేను గడప మీద కూసొని ముచ్చట చెప్పేది. ఆమె పొయ్యి దిక్కు మొకం పెట్టి కూర కోసేది. నా అబద్ధం హద్దు దాటితే వెనుకకు గూడ చూడకపోయేది. కత్తి తిప్పి పిడి కొసతో చెక్కపీట మీద ఠక్ మని కొట్టేది. ఒకటి కొడితే జర తగ్గియ్యి అని. రెండు కొడితే ఇగ లేచి నీళ్లు తే అని.

ఆమె పోయినంక ఆ కత్తి నా కుడిచేతికి వచ్చింది. గుంట అంచు సరిగ్గ నా చూపుడువేలు మొదట్ల ఒత్తుకునేది. వంకాయలకే ఎర్రబడ్డది, గుమ్మడికాయకు బొబ్బ లేచింది. ఎడమచేత్తో పట్టుదునా అంటే వేలు తెగినంత పనైంది. ఇంకో కత్తి కొందామంటే, నేను చెప్పింది నీ కత్తితోటే అని. కాకి విన్నది.

మొదలు పాతచీర పేలిక చుట్టిన. అది చేపల నీళ్లు తాగి కంపుగొట్టి, ఊర్లె పిల్లి నా వెంటవడ్డది. రెండు దినాలు ఇంట్లె ఎవరో ఒకరు తిరుగుతున్నట్టుండె. పేలిక ఉతికి ఆరేసిన, పిల్లి పోయింది.

చిన్నాయన కొడుకు చూసి, "సైకిల్ ట్యూబు చుట్టవే అన్నా" అన్నడు. ట్యూబును సన్నగ పట్టీలెక్క కోసి, గట్టిగ లాగుకుంట చుట్టిన. చేతికి మెత్తగ, జారకుంట, మంచిగనే ఉన్నది. కూర గూడ జల్ది తెగింది. తినబోయేముందు పీట మీద చూస్తే ఆ నల్లపిడి కత్తి ఎవరిదో అన్నట్టున్నది. అక్క వేలు ఆనిన జాగ మీద గొంగడి కప్పినట్టు. తెల్లారి కొడవలి పెట్టి ట్యూబు కోసేసిన.

"మరి సీసపెంకుతో గీకు. గుంట పోయేదాక గీకితే పిడి సాపైతది" అన్నడు వాడు. వాడు చెప్పింది తప్పు గాదు. కట్టెను అట్లనే సాపు చేస్తరు.

సీస పగలగొట్టి, గడప మీద కూసున్న. అప్పటికి నా అరుగు మీదికి వచ్చేటోళ్లు తగ్గిండ్రు. సెల్‌ఫోన్ కొన్నోళ్లు సిగ్నల్ కోసం గుట్టెక్కుతున్నరు, కొననోళ్లు వాళ్లను చూడ పోతున్నరు. అసలు సంగతి అది గాదు. నేనే ముచ్చట చెప్పుడు తగ్గించిన. ఎక్కడ ఆపాలెనో చెప్పే చప్పుడు లేక, మొదలుపెట్టిన మొసలి నది నడుమనే మునిగిపోతున్నది.

పెంకు తీసి గుంట అంచుకు ఆనించిన. ఒక్కసారి గీకితే పసుపువాసన కలిసిన కట్టెపొడి రాలింది. ఇంకోసారి గీకనీకె చెయ్యి రాలే. కత్తిని పట్టుకొని అట్లనే కూసున్న. పట్టు ముందుకు జరిపిన, వెనుకకు జరిపిన. అప్పుడు తెలిసింది. జర ముందుకు జరిపితే నా చూపుడువేలు సీదా ఆ గుంటల్నే కూసుంటున్నది, అంచు ఎక్కడా ఒత్తుతలేదు. అయితే ఎడమపక్కన నా బొటనవేలుకు ఆనే జాగ లేదు. నున్నగ ఉన్నందుకు అది జారి, చెయ్యంత వెనుకకు వచ్చి, అంచు మీద పడుతున్నది.

ఇగ అక్క దిక్కు ముట్టలే. కత్తిని మర్లేసి, ఎడమపక్కన నా బొటనవేలంత జాగ గీకిన. గీకుడు, పట్టి చూసుడు, మళ్ల గీకుడు. పొద్దు వంగేదాక పట్టింది. నువ్వులనూనె రుద్ది ఆరబెట్టిన. తెల్లారి వంకాయలు కోస్తే కత్తి చేతిల కుదురుకున్నది. ఆమె బొటనవేలు ఉండే జాగల నా చూపుడువేలు. ఎండుచేపల కూర వండుకొని, ఉప్పెక్కువైనా అంత తిన్న.

నాలుగుపొద్దులకు వదినె నిప్పుకోసమని వచ్చి, పీట మీద కత్తి తీసి అటుఇటు తిప్పి చూసింది.

"ఏంది మరిదీ, పిడికి ఇటొక గుంట, అటొక గుంట?"

"పెర్మిలి అడివిల ఎలుగు కరిచింది వదినె. ఒకటి పైపన్ను, ఒకటి కిందిపన్ను."

"ఎలుగుకు రెండే పండ్లా?"

"ముసలిది, పాపం."

వదినె నవ్వింది. నవ్వి, పొయ్యి దిక్కు చూసింది. నేను గూడ చూసిన. కూర ఉడుకుతున్న చప్పుడు తప్ప ఏం రాలే. ఆమె కత్తి పీట మీద పెట్టి, నిప్పు తీసుకొని, "ఉప్పు సూసి ఎయ్యి మరిదీ" అని పోయింది.

నేను కత్తి తీసి తిప్పి, పిడి కొసతో పీట మీద కొట్టిన. ఠక్. ఎలుగు ముచ్చటకు ఒకటి సరిపోదు అనిపించింది. రెండోది గూడ కొట్టి, బిందె తీసుకొని నీళ్లకు పోయిన.