అరికాలు చూపించమన్న డాక్టరమ్మ

నాకు షుగర్ ఎలా వచ్చిందని ఎవరడిగినా చెప్పడానికి నా దగ్గర ఒక కథ ఉండేది. మాది రుద్రూర్ పక్కన ఊరు. ఇంటి చుట్టూ చెరకు. నిజాంసాగర్ కాలువ నీళ్ళు తాగి చెరకు పెరిగింది, ఆ చెరకు రసం తాగి నేను పెరిగాను. పెద్దయ్యాక బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చక్కెరంతా నా చేతి కిందే ఉండేది. అలాంటి మనిషి ఒంట్లో చక్కెర కాక ఇంకేం ఉంటుంది? తర్వాత పనికి పోయిన మస్కట్‌లో, మా కూలీల క్యాంపులో ఈ కథకు మంచి గిరాకీ. కొత్తగా వచ్చినవాళ్ళను నా మంచం దగ్గరికి తీసుకొచ్చి మరీ చెప్పించేవాళ్ళు.

అసలు సంగతి ఏమిటంటే, ఫ్యాక్టరీలో నేను పనిచేసింది ఒక్క సీజను. సంచుల మూతులు కుట్టాను. చక్కెర నా చేతి కింద ఉందన్న మాట అబద్ధం కాదు, కాకపోతే సంచిలో ఉండేది. షుగర్ వచ్చింది ఆ తర్వాత చాలా ఏళ్ళకు, మస్కట్‌లోనే. పొద్దున మూడు చెంచాల చక్కెరతో చాయ్, మధ్యాహ్నం గిన్నెడు అన్నం, ఎండకు తాళలేక సీసాల కొద్దీ కూల్‌డ్రింకులు. దీనికి చెరకు మీద నింద వేయడం నా బుద్ధి.

అక్కడ ఇరవై రెండేళ్ళు ఉన్నానని కూడా చెప్పుకుంటాను. పంతొమ్మిదే. ఒక కట్టుబడి కంపెనీ స్టోరులో నట్లు, బోల్టులు, పైపు ముక్కలు అడిగినవాళ్ళకు అందించేవాడిని. పొద్దంతా నిలబడే పని, కాళ్ళకు బరువైన సేఫ్టీ బూట్లు.

మస్కట్‌లో నేను చూడని డాక్టరు లేడని ఇక్కడ నిజామాబాద్‌లో మా గల్లీవాళ్ళకు చెప్పి ఉన్నాను. చూసింది ముగ్గురిని. అందులో ఒకాయన పళ్ళ డాక్టరని కుర్చీ వెనక్కి వంచాక తెలిసింది. పరాయి దేశంలో మంచి డాక్టరును వెతకడానికి మా క్యాంపులో ఒకటే పద్ధతి: శుక్రవారం చాయ్ దగ్గర కూర్చుని "సూది ఇస్తడా, ఇయ్యడా?" అని అడగడం. సూది ఇచ్చేవాడు డాక్టరు. ఇవ్వనివాడు ఉత్త మాటల మనిషి. ఆ పద్ధతికి పెద్దమనిషిని నేనే. ఒకసారి ఒక డాక్టరమ్మ దగ్గరికి పోతే, సూది మాట లేదు సరికదా, ముందు బూట్లు విప్పమంది. నా మేజోళ్ళ సంగతి నాకు తెలుసు. వేళ్ళ దగ్గర చిరుగులు, వాసన వేరే. "షుగర్ నెత్తురులో ఉంటది గాని బూట్లల్ల ఉంటదా అమ్మా?" అని లేచి వచ్చేశాను. ఆ వారమంతా క్యాంపులో ఆ మాటే చెప్పి నవ్వించాను.

మందులు మాత్రం ఇంటి నుంచే వచ్చేవి. ఛుట్టీ మీద వచ్చి తిరిగి పోయే మనిషి చేతికి ఇళ్ళ నుంచి పార్సిళ్ళు ఇవ్వడం మావాళ్ళకు అలవాటు. మా ఆవిడ దగ్గర నిజామాబాద్ డాక్టరు ఒకాయన రాసిచ్చిన చీటీ ఉండేది. నలగకుండా దానికి ప్లాస్టిక్ అట్ట కూడా వేయించింది. ఎవరు బయలుదేరుతున్నా ఆ చీటీతో మందుల దుకాణానికి పోయి, ఆరు నెలల గోలీలు కొని, మామిడికాయ తొక్కు డబ్బా పక్కన పెట్టి పంపేది. ఎనిమిదేళ్ళు అదే చీటీ, అవే గోలీలు. కంపెనీ ఏడాదికోసారి నెత్తురు పరీక్ష చేసేది. దానికి రెండు రోజుల ముందు నుంచి మెంతుల నీళ్ళు తప్ప ఏమీ ముట్టేవాడిని కాదు. కాగితం మీద బంగారంలాంటి మనిషిని.

ఒక శుక్రవారం పొద్దున ఫోన్‌ను కాళ్ళ వైపు కిటికీలో ఆనించి, మంచం మీద వెల్లకిలా పడుకుని ఇంటికి వీడియో కాల్ చేశాను. మా ఆవిడ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ముప్పై ఏళ్ళుగా తునికాకు ఏరుతున్న కళ్ళు అవి. ఆకులో సూదిమొన అంత బొక్క ఉన్నా వేళ్ళు ఆగిపోతాయి. ఆ రోజు కూడా చేతులు ఆగాయి, కానీ ఆకు దగ్గర కాదు.

"ఏందయ్యా, గా కాలు గట్లనే ఉంచు."

"ఏ కాలు?"

"కుడికాలు. బొటనేలు కింద నల్లగ ఏందది?"

"దుమ్ము."

"దుమ్ముకు అంచులుంటయా? ఫోన్ దగ్గరికి తే."

"నొప్పేం లేదే నాకు."

"నొప్పున్నదా అని నిన్ను అడిగిన్నా? సూపెట్టుమన్న."

నా పొట్ట నన్ను వంగనీయదు. నా అరికాలు నేను చూసుకుని ఎన్నేళ్ళయిందో. పక్క మంచం మీద సిరికొండ నుంచి వచ్చిన తాపీ మేస్త్రి ఉండేవాడు, నాకంటే పదేళ్ళు చిన్న. ఫోన్ తీసి నా కాలి దగ్గర పెట్టాడు.

"వదినె, గిది దుమ్ము కాదు. పుండు. లోపలికి ఉన్నది," అన్నాడు. నా వైపు తిరిగి, "అన్నా, దీని మీద ఎన్నొద్దుల నుంచి నడుస్తున్నవే?" అని అడిగాడు.

నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

ఫోన్‌లో మా ఆవిడ చేతిలోని ఆకును చాటలో పడేసింది. ఆమె ఎవరిని తలుచుకుంటోందో నాకు తెలుసు. మా ఊళ్ళో చెరకు బండి తోలే ఒకాయనకు కూడా ఇలాగే వేలి కింద మొదలైంది. ముందు వేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. "బూట్లు విప్పుమన్నదంటివి గద, గా డాక్టరమ్మ. ఆమె దగ్గరికే పో. గియ్యాల్నే పో," అంది. నేను నవ్వించడానికి చెప్పిన కథలో ఆమెకు గుర్తున్నది ఆ ఒక్క ముక్క.

మేస్త్రి నన్ను టాక్సీలో తీసుకుపోయాడు. డాక్టరమ్మది నాందేడ్. బోధన్ అంగడిలో నేర్చిన మరాఠీ నాలుగు ముక్కలు విసిరాను. ఆమె హిందీలోనే జవాబిచ్చింది.

"కాకా, బూట్లలో షుగర్ ఉండదని చెప్పి వెళ్ళింది మీరే కదా?"

"నాలాంటి ముఖం చాలామందికి ఉంటదమ్మా."

"ముఖం గుర్తు లేదు. ఆ మాట చెప్పింది మాత్రం మీరొక్కరే."

కుడి బూటు విప్పించి తలకిందులుగా దులిపింది. ఠంగుమని ఒక నట్టు నేల మీద పడింది. మా స్టోరుదే. మధ్యాహ్నం బూట్లు విప్పి కునుకు తీసినప్పుడు బల్ల మీది నుంచి జారి బూట్లో పడి ఉంటుంది. అది కనబడడం లేదని రెండు రోజులు అరల కింద దూరి వెతికాను. వెతికినంతసేపూ దాని మీదే నడిచాను.

ఆమె నట్టు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత సన్నటి నైలాన్ దారం ముక్క ఒకటి తీసింది. "కళ్ళు మూసుకోండి కాకా. అరికాలికి దారం తగిలినప్పుడల్లా చెప్పండి."

మూసుకున్నాను. ఏమీ తెలియలేదు. ఇంకాసేపు ఆగాను. అప్పుడూ ఏమీ లేదు. ఆ బండాయన మోకాలు కళ్ళ ముందుకు వచ్చింది. ఏమీ తెలియడం లేదని ఒప్పుకుంటే కాలు పోయినట్టే అనిపించింది. అందుకని ఊహించి "తగిలింది" అన్నాను. కొంచెం ఆగి మళ్ళీ "తగిలింది" అన్నాను. ఇంకోసారి "ఆఁ, గట్టిగా తగిలిందమ్మా" అని కూడా అన్నాను.

మేస్త్రి కిసుక్కున నవ్వాడు. కళ్ళు తెరిచాను. డాక్టరమ్మ రెండు చేతులూ కట్టుకుని నిలబడి ఉంది. దారం బల్ల మీద, నట్టు పక్కన ఉంది.

"అన్నా, గాలి తగిలిందేమో," అన్నాడు మేస్త్రి.

ఆమె నవ్వలేదు. స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "నేను అడిగేది మీ గొప్ప తెలుసుకోవడానికి కాదు. మీ కాలికి ఎక్కడ తెలియడం లేదో నాకు తెలియాలి. నిజం చెబితే కాపాడడానికి చూస్తాను. ఇలాగే చెబితే నా వల్ల కాదు."

"ఏలు తీసేస్తరా అమ్మా?" అని అడిగాను.

"ఎముకకు పాకిందో లేదో ఎక్స్‌రే ఫోటో తీస్తే తెలుస్తుంది."

ఫోటో వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ కాసేపట్లో నా జీవితంలో చెప్పనన్ని నిజాలు లోపల కూడబెట్టుకున్నాను. పిలవగానే ఫోటోలో ఏముందని కూడా అడగకుండా అన్నీ చెప్పేశాను. ప్లాస్టిక్ చీటీ, తొక్కు డబ్బా పక్కన గోలీలు, మెంతుల నీళ్ళు, మూడు చెంచాల చాయ్. ఫ్యాక్టరీలో సంచులు కుట్టిన సంగతి కూడా చెప్పాను, ఆమె అడగకపోయినా.

అంతా విని ఆమె అంది: "ఎముక బాగానే ఉంది కాకా. వేలు ఉంటుంది. కానీ ఈ చీటీకి ఎనిమిదేళ్ళు. మీ షుగర్ ఎనిమిదేళ్ళ కిందే ఆగి మిమ్మల్ని చూస్తూ కూర్చుందా?"

వేలు ఉంటుందన్న మాట తర్వాత నేను ఇంకేమీ సరిగ్గా వినలేదు. మేస్త్రి విన్నాడు. డాక్టరమ్మ గోలీలు మార్చింది, ఇన్సులిన్ రాసింది, పుండు మానేదాకా కూర్చుని పని చేయాలని ఫోర్‌మన్‌కు కాగితం ఇచ్చింది. టాక్సీలో మేస్త్రి నా తొడ మీద చరిచాడు.

"సూది ఇచ్చేటోడే డాక్టరంటివి గద అన్నా. గిప్పుడు పొద్దుకొకటి మాపుకొకటి. సంబురమేనా?"

రోజూ డ్యూటీకి ముందు ఫోన్‌లో కాలు చూపించడం అప్పటి నుంచి మొదలైంది. మా ఆవిడ ముఖం చూపించమనేది కాదు. "ఎట్లున్నవ్" అనేది కూడా కాదు. "కాలు" అనేది. చూసి తీర్పు చెప్పేది. "నిన్నటి కంటె అంచు లోపలికొచ్చింది." "ఇయ్యాల జర ఎర్రగున్నది, ఎక్కువ నడిచినవా?" నడిచి ఉండేవాడిని. రెండు నెలలు తిరగకుండా ఒక పొద్దున ఆమె చాట పక్కన పెట్టి ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పట్టుకుంది. "మూసుకున్నది," అని, మళ్ళీ చూసి, "మంచిగ మూసుకున్నదయ్యా," అంది. ఒడిలో చాట తీసి పక్కన పెట్టి నాతో మాట్లాడడం పంతొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. ఇది పెంచి చెప్పడం లేదు.

ఇప్పుడు నిజామాబాద్‌లోనే ఉంటున్నాను. వచ్చాక ఇక్కడ ఒక డాక్టరును వెతుక్కోవలసి వచ్చింది. మొదటాయన తల ఎత్తకుండా గోలీలు రాశాడు. దండం పెట్టి బయటికి వచ్చేశాను. రెండో చోట ఒక చిన్నపిల్లలాంటి డాక్టరమ్మ "తాతా, చెప్పులు విప్పుండ్రి" అంది. ఆమె దగ్గరే ఉండిపోయాను. పక్క వరుసలో సూది కోసం గొడవపడుతున్న ఒక పెద్దమనిషికి, ఇలా చెప్పులు విప్పించి చూడడం మస్కట్‌లో పెద్ద పెద్ద డాక్టర్లందరూ నన్ను అడిగి నేర్చుకున్న పద్ధతి అని చెప్పాను. ఏం చేస్తాను, నోరు ఊరుకోదు.

సాయంత్రం పని ముగించాక మా ఆవిడ నా కాలును ఒడిలోకి తీసుకుంటుంది. బీడీ దారం తుంపి, కళ్ళు మూసుకోమంటుంది.

"తాకిందా?"

"ఆఁ, మడిమె కాడ."

"ఇప్పుడు?"

ఆగి చూస్తాను. బొటనవేలి కింద, పాత పుండు మానిన చోట ఆమె దారం పెట్టిందో లేదో నాకు నిజంగా తెలియదు.

"తెలుస్తలేదు," అంటాను.

"నీకు తెలువకుంటె ఏమాయె, నాకు కనవడ్తది," అని, వేళ్ళ సందులన్నీ ఆకులు తిప్పినట్టు ఒక్కొక్కటే తిప్పి చూసి, కాలు కింద పెడుతుంది.