లచ్చయ్య కొసరు మీద అప్పీలు

1959లో కరీంనగర్‌లో నేను రెండు గంటలు వాదిస్తే, సేల్స్ టాక్స్ అప్పీలు అధికారి అంతటోడు కుర్చీలోంచి లేచి నిలబడ్డడు. వ్యాపారుల లెక్కలు చూడడం, పన్ను అన్యాయంగా పడితే అప్పీలుకు పోవడం అప్పట్ల నా వృత్తి.

లచ్చయ్యది లక్సెట్టిపేటలో పుట్నాల దుకాణం. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్, కొన్న సరుకుకూ అమ్మిన తూకానికీ పొంతన లేదన్నడు. తగ్గిందంతా బిల్లు లేకుండ అమ్మిండని టర్నోవర్, అంటే ఏడాది అమ్మకం, పెంచి రాసిండు. దీన్ని 'బెస్ట్ జడ్జ్‌మెంట్' అంటరు. అధికారికి తోచిన అంచనా అన్నమాట.

"గీ పన్ను గట్టాల్నంటె దుకాణం అమ్ముడే పంతులూ. ఇగ మేం కూలికే" అన్నది లచ్చయ్య భార్య రాజవ్వ.

"ఫికర్ చెయ్యకు, నేనున్న గదా" అన్న.

నా వాదన ఎలుకలు. అవి కొరికిన సంచిని పుట్నాలతో సహా సాక్ష్యానికి తెప్పించిన. తన తూకం మీద అనుమానం రావద్దని లచ్చయ్య తరాజు కూడా మోసుకొచ్చిండు.

అధికారి నా మాట విని, "అంత సరుకు తిన్నవి ఎలుకలా, పందులా?" అన్నడు. నన్ను కూర్చోమన్నడు. రెండు గంటలని పైన రాసిన గానీ, చాయ్ చల్లారేంత సేపు కూడా కాలే.

తర్వాత లచ్చయ్యను పావుశేరు జోకమన్నడు. లచ్చయ్య జోకి, పొట్లం కట్టబోతూ ఒక గుప్పెడు పైన వేసిండు.

"ఇదేమిటి?"

"కొసరు సార్."

"వద్దు. మళ్లీ తూచు."

లచ్చయ్య మళ్ల జోకిండు. చెయ్యి దానంతటదే సంచిలకు పోయింది.

"వద్దన్నానా?"

"తప్పైంది సార్. ఎయ్యకుంటే చెయ్యి ఊకోదు."

అధికారి లేచి నిలబడ్డది అప్పుడు, ఆ చెయ్యిని దగ్గర నుంచి చూడడానికి. ఆ గుప్పెడును జోకించి, పొట్లానికి గుప్పెడు చొప్పున ఏడాది లెక్క వేయిస్తే తగ్గిన సరుకుకు సరిపోయింది; పెంచిన టర్నోవర్ కొట్టేసిండు. దుకాణం నిలిచింది.

వాదన తయారు చేసుకునే ముందు క్లయింటు దుకాణంల కూసోని ఆయన బేరం చూడాలె, ఆ కేసుతో నేను నేర్చుకున్నది ఇదే. మొన్న రాజవ్వ కలిస్తే ఈ మాటే గొప్పగా చెప్పిన.

"చూసుడెందుకు పంతులూ," అన్నది. "కొసరు ముచ్చట నేను మొదటి దినమే జెప్పిన. 'గదేం లెక్క, జర సప్పుడు చెయ్యకు' అని నువ్వే ఎలుకలను పట్టుకున్నవ్."