చేప గుర్తు గూడు

ఆ రోజుల్లో పుస్తకంలో లేనిది ప్రపంచంలో కూడా లేదని నా నమ్మకం. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. డిగ్రీ మధ్యలో ఆపేసినా, సెక్టర్ 6 లైబ్రరీలో రైళ్ల మీద ఉన్న పదకొండు పుస్తకాలూ అట్ట నుంచి అట్ట దాకా చదివేశాను. (పన్నెండోది ఎవరో తీసుకెళ్లి తిరిగివ్వలేదు. జరిగిన తప్పంతా ఆ పన్నెండోదాని వల్లేనని చాలా కాలం వాదించాను.) హిందీవాళ్ల ఊళ్లో తెలుగువాళ్లం ఎక్కువగా ఉండే ఖుర్సీపార్‌లో, మా వీధి మీదుగా గూడ్సు బండి కూత వినిపిస్తే చాలు, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఇంజన్ల చరిత్ర చెప్పేదాన్ని.

అలాంటి సమయంలో, మూతపడ్డ పాత లోకోషెడ్డును జనం వచ్చి తిరిగే కళల ఆవరణగా మార్చడం మొదలైంది. ఇంజన్లు నిలిచే చోట చిత్రాల ప్రదర్శన, వ్యాగన్లు బాగుచేసే చోట నాటకాల వేదిక, స్టోరు గదిలో లైబ్రరీ. మిగిలిన పాత సామాను పక్కన పెట్టే బోర్డులు హిందీలోనూ తెలుగులోనూ రాసే పని నాకు దొరికింది. పని చూసే సాబ్‌ది ఒకటే నియమం: చరిత్ర ఉన్న వస్తువు ఉంటుంది, లేనిది తుక్కు లారీ ఎక్కుతుంది. ఆ లారీ రోజూ గేటు దగ్గరే కాచుకుని ఉండేది.

షెడ్డు మూలన ఒక ఇనుప బీరువా ఉంది. నలభై చిన్న గూళ్లు, ప్రతి గూటికీ తలుపు, తలుపు మీద రంగుతో వేసిన బొమ్మ: గొడుగు, చందమామ, కత్తెర, చేప. అడుగున ఆవిరి గొట్టం. అదేమిటో ఏ కాగితంలోనూ లేదు. మూడు రోజులు మధ్యాహ్నం పూట దాని ఎదురుగానే కూర్చుని, ఒళ్లో డబ్బా, చేతిలో పుస్తకం పెట్టుకుని, తింటూ చదువుతూ ఆలోచించాను. నాలుగో రోజు తట్టింది. ఇవి డ్రైవర్లకిచ్చే రహస్య సంకేతాలు! ఇంత పెద్ద సంగతి కనిపెట్టాక ఊరుకోలేక, ఆ షెడ్డులోనే ఫిట్టర్‌గా చేసి రిటైరైన నాన్ననూ, ఆయనతో పనిచేసిన పెద్ద మావనూ సాక్ష్యానికి పిలిచాను.

"నానా, అది సంకేతాల బీరువాయే కదా?"

నాన్న పెద్ద మావ వైపు చూశాడు. పెద్ద మావ కప్పు వైపు చూశాడు.

"సరిత్ర లేపోతే తుక్కులోకి తోసేత్తానన్నాడా సాబు?" అన్నాడు నాన్న.

"అవును."

"అయితే సంకేతాల బీరువాయేనే గుంటా."

"మరి గొడుగు?"

"వానొచ్చినప్పుడు బ్రేకు సరిగా పట్టదు, నిదానంగా ఎల్లమని," అన్నాడు పెద్ద మావ, ఏ మాత్రం తడుముకోకుండా.

"చేప?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. "అదా... నీళ్ల టాంకీ నిండుగా ఉందని. సదువుకున్నదానివి, నీకు మేం సెప్పాలేటి?"

పెద్ద మావకు ఒక్కసారిగా దగ్గొచ్చింది. భుజాలు అదిరేలా దగ్గుతూ బయటికెళ్లిపోయాడు. షెడ్డు దుమ్ము పడలేదు పాపం అనుకుని నీళ్లు పట్టుకెళ్లాను.

ప్రారంభం రోజు మా వీధి వీధంతా వచ్చింది. సాబ్ నా బోర్డు గట్టిగా చదివాడు, "వాహ్!" అన్నాడు. నేను నేల మీద లేను. సరిగ్గా అప్పుడు, నేను ఇంట్లో మర్చిపోయిన అన్నం డబ్బా పట్టుకుని మా అమ్మ వచ్చింది. బీరువాను చూసి ఆగిపోయింది.

"ఓలమ్మ! మీ నాన సెప్పే గూడు ఇదేనేటి!" అంటూ నేరుగా వెళ్లి చేప తలుపు తీసి, చేతిలోని డబ్బా అందులో పెట్టింది. కొలిచి చేసినట్టు సరిపోయింది. "ముప్పై ఏళ్లు డబ్బా కట్టినాను గానీ, దీన్ని సూడ్డం ఇదే."

సాబ్ డబ్బా బయటికి తీశాడు. మూత మీద, గిన్నెలకు పేర్లు చెక్కేవాడి చేత చుక్కలు చుక్కలుగా చెక్కించిన చేప. తలుపు మీదా అదే చేప. (షెడ్డులో నాలుగు భాషలవాళ్లు, చదువు రానివాళ్లూ ఉండేవారు. అందుకే పేరుకు బదులు బొమ్మ. నాన్న పాత డబ్బాయే అది. అందులోనే నేను రోజూ, ఆ బీరువా ఎదురుగానే తిన్నాను. పుస్తకం మీంచి కళ్లు తీస్తే కదా, మూత చూడ్డానికి!)

"తో యే ఖానా గరమ్ కర్నే కా హై?" అన్నాడు సాబ్. అన్నం వేడి చేసుకునేదా, అంతేనా అని. ఆయన చూపు గేటు దగ్గర లారీ వైపు పోయింది. అంతవరకూ ముసిముసిగా నవ్వుతున్న నాన్న ముఖం వాడిపోయింది. అప్పుడర్థమైంది నాకు, ఆ అబద్ధాలన్నీ ఎందుకాడారో.

"నానా, ముందే చెప్పొచ్చు కదా!"

"కూటి డబ్బాల బీరువా అంటే ఉంచుతారేటే?" అన్నాడు నేల చూస్తూ.

అమ్మ మాత్రం వెనక్కి తగ్గలేదు. తన హిందీలో అందుకుంది. "సాబ్, ఇస్‌మే మేరా తీస్ సాల్ కా పులుసు హై. కబాడ్ మే కైసే దేతా?" ఇందులో నా ముప్పై ఏళ్ల పులుసుంది, తుక్కులోకెలా ఇస్తారని.

"పులుసు క్యా?" అన్నాడు సాబ్.

అమ్మ మూత తీసింది. లోపల అన్నం, చేపల పులుసు. సాబ్ ముందు వేలితో రుచి చూశాడు, తర్వాత చెంచా అడిగాడు. (అది నా అన్నం.) సగం డబ్బా అయ్యాక, "రెహ్నే దో," ఉండనీండి అని, నా వైపు తిరిగి, "బోర్డ్ బదల్ దో," బోర్డు మార్చెయ్ అన్నాడు. పెద్ద మావకు మళ్లీ దగ్గు. ఈసారి నేను నీళ్లివ్వలేదు.

కొత్త బోర్డు నాన్న చెబుతుంటే రాశాను. "ఇక్కడ అందరం డబ్బాలు వేడి చేసుకునేవాళ్లం. వాసన గొడవల వల్ల చేప గూడు ఎప్పుడూ చివరిది." అంతే. ఆవరణ మొత్తంలో జనం ఎక్కువసేపు నిలబడేది ఇప్పటికీ దాని ముందే.

ఇప్పుడు ఆ స్టోరు గది లైబ్రరీని నేనే చూసుకుంటున్నాను. ఇంకా తింటూనే చదువుతాను, కాకపోతే ముందు మూత వైపు ఒకసారి చూస్తాను. నా పాత బోర్డు మా ఇంటి గోడకే ఉంది. చుట్టాలొస్తే నాన్న దాన్ని పైకి చదివి వినిపిస్తాడు. అందరితో పాటు నేనూ నవ్వుతాను. కానీ వాన పడుతున్న రోజున గూడ్సు బండి నిదానంగా వెళ్తూ కనిపిస్తే, ఆ గొడుగు సంకేతం ఎవరో అందించే ఉంటారని ఇప్పటికీ ఓ క్షణం అనిపిస్తుంది.