పసిరికెలకు ఇంటిపేరు

మా యారాలు, అంటే మా బావ పెండ్లాం, మొగిలవ్వకు రెండే పనులు. పొద్దంత బట్టలు నేసే సాంచెల కార్ఖానకు నూలు కండెలు చుట్టుడు, చుడుతనే వాడల ఎవ్వలకు నెల తప్పిందో పసిగట్టుడు. మొగనికంటె ముందుగాల ఆమెకే ఎర్కైతది. తెల్లారే గిన్నెల పచ్చిపులుసు పట్టుకొని వాళ్లింటి ముందల నిలవడ్తది. "కడుపుతోటున్న పిల్ల, నోటికి పుల్లగ తగలాలె" అంటది. వద్దన్నోళ్లు లేరు. నల్లా నీళ్లల్ల చింతపండు పిసికి, కాల్చిన మిర్పకాయ నలిపి, ఉల్లిగడ్డ ఏసుడే, పొయ్యి ముట్టియ్యదు. నీళ్లు కాగబెట్టాలె గదక్కా అంటే, "చింతపండు పడ్డంక నీళ్లల్ల ఏ పురుగు బతుకుతదే?" అని నా మీదికే లేస్తది.

మొన్న వానకాలం మా సిరిసిల్ల వాడల కడుపుతోటున్నోళ్లకు పసిరికెలు, గవే కామెర్లు, లేచినయి. కోరుట్లల అత్తగారింటి నుంచి పురిటికచ్చిన మొగిలవ్వ బిడ్డ స్వప్నకు గూడ కండ్లు పచ్చగైనయి. ఆకుపసరు పోద్దామని తయారైన ముసలోళ్ల మీద అల్లుడు మహిపాల్ గయ్యిమని లేచి, పిల్లను దవాఖానల షరీకు జేసిండు. మామూలోళ్లకు తక్కువైతది గని, నెలలు నిండినోళ్లకు గీ రోగం పానం మీదికి తెస్తదని డాక్టర్ చెప్పిండు.

గప్పుడే ఉమారాణి మేడమ్ హైదరాబాద్ ల్యాబు నుంచి అచ్చింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు జాగలల్ల గర్భిణుల రక్తం తీసి, వైరస్ జన్యువులు చదువుతదట. రెండు వైరస్‌ల జన్యువులు ఒక్కతీరుంటే అవి ఒక్క జాగ నుంచే అచ్చినట్టట.

"అంటే ఇంటిపేరు తీస్తరన్నట్టు" అన్నది మొగిలవ్వ.

"గట్లనే అనుకోండమ్మా" అని మేడమ్ నవ్వింది.

నాకైతే మస్తు సంబురమైంది. ఇంకేంది, గిది కోరుట్లదే, వియ్యపురాలు చంద్రవ్వ ఇంట్లకెళ్లే తెచ్చుకున్నది పిల్ల అని వాడంత చాటింపేసిన. చంద్రవ్వ ఫోన్ల నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పేటియి కావు.

మేడమ్ మొగిలవ్వ బిందెల నీళ్లు గూడ అడిగింది. "అక్కా, బిందె బోర్లిచ్చి కడిగెయ్. ఎవ్వలకు తెలుస్తది?" అని చెవుల చెప్పిన.

"నాకు తెల్వాలె గదనే సత్తెవ్వా! నా బిడ్డ ఆడ పండుకోనుంటే నాకు పరువెందుకే?" అని బిందె ఎత్తుకచ్చి మేడమ్ ముందల పెట్టింది.

స్వప్నకు నొప్పులు ముందుగాల్నే అచ్చినయి. ఆడపిల్ల. దేవుని దయ, ఇద్దరు బతికి బయటపడ్డరు. వాళ్లు ఇంటికచ్చినంక ల్యాబు సంగతి తెలిసింది. కోరుట్లది వేరే రకమట. స్వప్న ఒంట్ల, మా వాడ కడుపుతోటున్నోళ్ల ఒంట్ల దొరికిందానిది, మొగిలవ్వ బిందెల దొరికిందానిది మాత్రం ఒక్కటే ఇంటిపేరట. నల్లా పైపు మురికికాల్వల పగిలున్నది.

"చూసినవా అక్కా, తప్పు పైపుది" అన్న.

"స్వప్న తాగింది అల్లుడు ఏపిచ్చిన డబ్బా నీళ్లే. నల్లా నీళ్లు దాని కడుపులకు పోయింది నా పులుసుతోనే."



పైపు బాగైంది. మొగిలవ్వ మాత్రం పసిరికెలు లేచిన ఇండ్లన్ని తిరిగి, నల్లా నీళ్ల పులుసు తాపింది నేనే అని తన నోటితోనే చెప్పుకున్నది. ఒకామె మొకం మీదనే తలుపేసింది. నవ్య అనే పిల్ల కూసోబెట్టి చాయ పోసింది. ఆఖరుకు సొంత బిడ్డకు చెప్పనీకె సొంతింటి గడప కాడ ఆగింది. పెద్దమనిషి పసిపిల్లలెక్క ఏడ్చింది.

"నేనే బిడ్డా."

"ఎర్కనే. మేడమ్ ఫోన్ చేసింది" అన్నది స్వప్న. ఒళ్లె పసిపిల్లను సదురుకున్నది. "నీ మీద నాకు మస్తు కోపమున్నదే అవ్వా. ఎప్పటికి తగ్గుతదో గూడ తెల్వది. ముందైతే సబ్బుతోటి చేతులు కడుక్కొనచ్చి దీన్ని పట్టుకో, నేను బాత్రూంకు పోవాలె."