ఊదు అత్తరు ఆరనియ్యి

మొన్న సెంట్ల దుకాణంలో ఒక అమ్మాయి కాగితం ముక్క మీద చల్లి వాసన చూడమంది. కాగితానికి ఒంటి వేడి ఎక్కడిది? దాన్ని పక్కన పెట్టి నా ముడతల చెయ్యి చాపాను. "దీని మీద పెట్టు బిడ్డా."

నా ఈడువాళ్లెవరైనా ఉంటే చెప్పండి, నిజాం కాలంలో పెళ్లికి పోతే గుమ్మంలోనే మణికట్టుకు అత్తరు పెట్టేవాళ్లు, గుర్తుందా? కిషన్‌బాగ్‌లో మాది పాల వ్యాపారం. చార్మినార్ దగ్గర ఒక షావుకారు ఇంటి పెళ్లిలో, అత్తరు పెడుతున్న ఇల్లాలు మా అమ్మను దాటేసి పక్కామెకు పెట్టింది. అమ్మ చాపిన చెయ్యి దించలేదు.

"నాకు పెట్టలే అక్కా."

ఆమె విసుగ్గా దూది అద్ది, ముక్కు మూసుకుంది. "చూసిన్రా, అప్పుడే పెండ కంపు! బర్రెల పిండే చేతికి అత్తరేందే?"

ఆమె పెడుతున్నది ఊదు చెక్క నుంచి తీసిన అత్తరు. అది ఎవరికి పెట్టినా మొదట పశువుల కొట్టం వాసనే వేస్తుంది. ఆ సంగతి ఆ చిన్న వయసులో నాకేం తెలుసు? సిగ్గుతో అమ్మ కొంగు లాగి, ఇంటికి పోదామన్నాను.

"ఎందుకు పోవాలె? ఆరనియ్యి," అంటూ అమ్మ ముందు వరుసలో కూర్చుంది.

భోజనాల వేళకు అందరి చేతుల మీదా వాసన పలచబడింది. రోజూ వెన్న తీసి తీసి అమ్మ చర్మానికి పట్టిన జిడ్డు మాత్రం అత్తరును పోనివ్వలేదు. తియ్యగా, వెచ్చగా పంక్తంతా పరుచుకుంది. పక్కామె అమ్మ చెయ్యి పట్టుకుని, అది ఏం అత్తరని అడిగింది.

అమ్మ ఇల్లాలికి వినబడేటట్టే చెప్పింది.

"మీకు పెట్టిందే. బర్రెల పిండే చేతి మీద ఆరింది, గంతే."