ధారూర్ వంపులో కూత

తాండూరు స్టేషన్లో ముప్పై నాలుగేళ్లు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన తాజ్ మొహమ్మద్ మాటకు చాయ్ హోటల్లో తిరుగులేదు. ఒకప్పుడు దేశంలో చాలా రైళ్లు మద్రాసు గడియారం ప్రకారం నడిచేవని, ఊరి టైము ఒకటి, రైలు టైము ఇంకొకటిగా ఉండేదని ఆయనంటే, బండల పాలిషింగ్ కుర్రాళ్లు నవ్వారు. ఫోన్లో వెతుక్కుని చూసి నోరు మూసుకున్నారు. హైదరాబాద్ రాజ్యంలో ఇరవై ఏడు బస్సులతో సర్కారు బస్సులు మొదలుపెట్టింది నిజాం రైల్వేవాళ్లే అన్నప్పుడూ అంతే.

"ఎరుకుంటే చెప్త. లేకుంటే చాయ్ తాగుత," అనేవాడు.

మొన్న ఫిబ్రవరిలో మనవరాలు సబాను వెంటబెట్టుకుని పొద్దుటి ప్యాసింజర్ ఎక్కాడు. ఆ పిల్ల ఏడో తరగతి. వికారాబాద్‌లో బడిపిల్లల ప్రదర్శన ఉంది. ఎదుటి సీట్లో, పట్టాలు బాగుచేసే పాత గ్యాంగ్‌మన్ యాదగిరి తన బిడ్డ ఇంటికి పోతూ కనిపించాడు.

రైలు కదలగానే సబా చార్టు విప్పింది. పైన 'మన రైళ్లు: తెలియని నిజాలు' అని రాసి ఉంది. ఒక మూల మద్రాసు గడియారం. ఇంకో మూల, తొలిరోజుల్లో మామూలు జనం ఎక్కే పెట్టెల్లో మరుగుదొడ్లే ఉండేవి కావన్న సంగతి. నడుమ అన్నిటికన్నా పెద్ద బొమ్మ: పట్టాల వంపు, ఒక గుడిసె, గుమ్మంలో పెళ్లికూతురు.

దాని కింద రాసింది చదివి తాజ్ మొహమ్మద్ కళ్లద్దాలు తీసేశాడు. నిజాం కాలంలో ఒక రైలు డ్రైవరు తన బిడ్డను ఈ దారిలోనే వచ్చే ధారూర్ దగ్గరి పల్లెకు ఇచ్చాడట. తాను క్షేమమని ఆమెకు తెలియాలని అక్కడి పట్టాల వంపులో పొడుగ్గా కూత వేసేవాడట. అప్పటినుంచి ప్రతి రైలూ అక్కడ కూయాలని రూలు పెట్టారట. చెప్పినవారు: మా దాదీ రజియా బేగం.

"ఇది గూడ పెట్టినవా?"

"ఇదే మస్తుంది దాదా. మా టీచర్ శ్యామల మేడం ప్రూఫ్ అడుగుతది. గందుకే కూత రికార్డ్ చేస్త." సబా అప్పటికే ఫోను చేతిలోకి తీసుకుంది.

యాదగిరి మీసంలోనే నవ్వాడు. "చేయి బిడ్డా. మీ దాదా ఇంటి మాటంటే ఇగ తిరుగుండదు."

తాజ్ మొహమ్మద్ నవ్వలేదు. అది ఆయన అల్లిన కథ. నిఖా అయిన మర్నాడు రజియాను ధారూర్ నుంచి తాండూరు తీసుకొస్తుంటే ఆమె కొంగులో ముఖం దాచుకుని ఒకటే ఏడుపు. అంతలో రైలు కూసింది. ఎవరిని పిలుస్తుందని అడిగింది. వంపు అవతల గేటుంది, డ్రైవరుకు కనబడదు కాబట్టి కూస్తాడు అని చెప్పవలసినవాడు, పిల్ల ఏడుపు చూడలేక నోటికొచ్చింది చెప్పేశాడు. ఆమె నమ్మింది. నలభై ఏళ్లు వచ్చిన చుట్టానికీ పోయిన చుట్టానికీ చెప్పింది. నిరుడు ఆమె పోయాక ఇంట్లో ఆ కథ సబా నోట వినబడుతోంది. నిజం చెప్తే అదీ పోతుంది. చెప్పకపోతే ఈ పిల్ల పదిమందిలో నవ్వులపాలవుతుంది.

రైలు ధారూర్ వంపు తిరిగింది. సబా కిటికీ ఊచల్లోంచి ఫోను బయటికి పెట్టింది. రెండేళ్ల కిందటే అక్కడ గేటు తీసేసి రోడ్డును పట్టాల కిందుగా వేశారని, ఇక కూత రాదని తాజ్ మొహమ్మద్‌కు తెలుసు. తెలిసీ ఊరుకున్నాడు. కంది చేలు వెనక్కి పోయాయి. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.

"దాదా, కూయలేదేంది?"

"గేటు లేదు బిడ్డా. గేటు కోసమే కూసేది. డ్రైవరు లేడు, ఆయన బిడ్డ లేదు. అంత నేనే చెప్పిన, మీ దాదీ ఏడుస్తుంటే."

"నిజంగనా?" సబా యాదగిరి వైపు తిరిగింది.

"గేటు ముందట కూత బోర్డు పాతింది మేమే," అన్నాడు యాదగిరి, ఈసారి నవ్వకుండా.

"దాదీకి నిజం చెప్పినవా?"

"లే. చెప్దామనుకున్నప్పుడల్లా ఎవరికో ఒకరికి ఆ కథ చెప్తుండె. నడుమల ఎట్ల ఆపాలె?"

సబా చార్టు చుట్టేసింది.

ప్రదర్శనలో శ్యామల మేడం నడిమి బొమ్మ మీద వేలు పెట్టింది. "దీనికి ఆధారమేంటమ్మా?"

సబా తల దించుకుంది. పక్కన నాలుగు బడుల పిల్లలు గుమిగూడి ఉన్నారు. తాజ్ మొహమ్మద్ ముందుకొచ్చాడు.

"గది అబద్ధం మేడం. నేను చెప్పిన. పిల్లది తప్పు లేదు."

"మరి తీసేద్దామా?"

ఆయన సబాను చూశాడు. సబా స్కెచ్ పెన్ను మూత తీసి, దాదీ పేరు ముందున్న 'చెప్పినవారు' కొట్టేసి 'నమ్మినవారు' అని రాసింది. దాని కింద మళ్లీ 'చెప్పినవారు' అని రాసి, పక్కన తాత పేరు పెట్టింది. కూత గేటు కోసమనీ, దాదీ ఏడుస్తుంటే తాత ఈ కథ చెప్పాడనీ కింద రెండు వరసలు చేర్చింది. మేడం చదివి, బొమ్మను అలాగే ఉండనిచ్చింది.

ముందున్న ఒక పిల్ల అడిగింది, "ఏడుపు ఆపిందా తాతా?"

"ఆపింది," అన్నాడు తాజ్ మొహమ్మద్. "తాండూరుల దిగేదాక గా డ్రైవరు బిడ్డ గురించే అడిగింది." కుర్చీ దగ్గరికి లాక్కుని ఆ బొమ్మ పక్కనే కూర్చున్నాడు.